కంట్రోలు కాలంలో గింజ ఎవరిది?
నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో యుద్ధకాలపు వర్తక నిర్బంధాలు - దళితులు

మా వైపు ముసలోళ్ళు రేషను షాపును ఇప్పటికీ 'కంట్రోలు కొట్టు' అనే అంటారు. అక్కడిచ్చే బియ్యం కంట్రోలు బియ్యం. ఒకప్పుడు అక్కడిచ్చిన గుడ్డ కంట్రోలు గుడ్డ. మా తాత ఆ మాటతోనే ఏళ్ళు లెక్కపెట్టేవాడు. ఫలానా పెళ్ళి కంట్రోలుకు ముందు, ఫలానా చావు కంట్రోలొచ్చినాక. ఆయన దృష్టిలో రెండో ప్రపంచ యుద్ధం జర్మనీలోనో బర్మాలోనో జరిగింది కాదు. గింజల కొట్టు ముందు జరిగింది.

విశ్వవిద్యాలయానికి వచ్చి చరిత్ర పుస్తకాలు తెరిచాక మాకు కనపడ్డ యుద్ధం వేరు. 1939 సెప్టెంబరు 3న భారతీయులను అడక్కుండానే వైస్రాయి దేశాన్ని యుద్ధంలోకి దింపడం, మంత్రివర్గాల రాజీనామాలు, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు, ఆగస్టులో క్విట్ ఇండియా. కొంచెం ఆర్థిక చరిత్ర జోడించిన పుస్తకాల్లో నల్లబజారు వర్తకుడు, ధర గిట్టని రైతు కనిపిస్తారు. ఆ రైతు పొలంలో గింజ పండించి, గింజే కూలిగా కొలిపించుకుని బతికిన పాలేరు మాత్రం కనపడడు. వర్తక నిర్బంధం అంటే వర్తకులకు జరిగిందేనని, వర్తకం లేనోళ్ళకు దాంతో పని లేదని ఈ చరిత్రకారుల నమ్మకం లాగుంది. మేము చెప్పదలుచుకున్నది దానికి పూర్తిగా ఎదురు. కంట్రోలు సరుకుకు వచ్చింది గానీ సరుకు చేతిలో ఉన్న ఆసామికి రాలేదు. సరుకు తయారు చేసినోళ్ళకు, మోసినోళ్ళకు, తిన్నోళ్ళకు వచ్చింది.

రెండు దొరతనాల మధ్య తాలూకా

ముందుగా ఈ నేల సంగతి. ఈనాడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న నందిగామ, జగ్గయ్యపేటలు 2022 వరకు కృష్ణా జిల్లావే. కృష్ణా జిల్లా అనగానే అందరికీ కాలువలు, మూడు కార్ల వరి గుర్తొస్తాయి. ఇది ఆ కృష్ణ కాదు. మునేరు, పాలేరు పారే మెట్ట. జొన్న, కంది, మిరప, పత్తి, వేరుశనగ భూములు. కృష్ణ పక్కనే పారుతున్నా డెల్టా కాలువల నీళ్ళు ఈ ఎత్తుకు ఎక్కలేదు.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద పెంచిన జగ్గయ్యపేట బందరు-హైదరాబాదు దారిలో ఉంది. దానికి కూతవేటు దూరంలో నైజాము రాజ్యం. ఇటు కంపెనీ రూపాయి, అటు హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఇస్తే సుమారు ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. సరిహద్దు దాటే సరుకు మీద నైజాము సుంకాన్ని కరోడ్‌గిరీ అనేవారు.

సరిహద్దు తిన్నగా ఉన్నా ఒక తీరు. ఇక్కడ గీత లోపల గీత. నందిగామ తాలూకాకే చెందిన మునగాల జమీందారీ చుట్టూ నైజాము ఊళ్ళే. నైజాము నేల మధ్య ద్వీపంలా మిగిలింది. అది 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. ఇటు నందిగామకూ బెజవాడకూ నడుమనున్న పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు నైజామువి. వజ్రాల గనుల కోసం నైజాము వాటిని అట్టిపెట్టుకున్నాడని చెబుతారు. మామూలు రోజుల్లో ఈ గీతల మీదుగా బంధుత్వాలు, సంతలు, కూలి పనులు నడిచిపోయేవి. యుద్ధం వచ్చాక ప్రతి గీతా ఒక చట్టమైంది.

తోలుకు వచ్చిన మొదటి కంట్రోలు

కంట్రోలు 1940లలో మొదలైందనుకుంటాం. మాదిగగూడేనికి అది ఒక తరం ముందే వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి మద్రాసు రాష్ట్రం నుంచి పెద్ద ఎగుమతుల్లో పదును చేసిన తోళ్ళు ఒకటి. ఊళ్ళల్లో, సంతల్లో దళారులు కొన్న పచ్చితోళ్ళు మద్రాసు పెరియమేట మండీకి, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట పదును కొట్లకు చేరేవి. అక్కడ తంగేడు చెక్కతో పదునై లండను పోయేవి. సైనికుడి బూటు పైభాగానికి ఈ తోలు బాగా పనికొచ్చేది. 1916లో బ్రిటిషు యుద్ధ శాఖ ఈ ఆవుతోళ్ళ ఎగుమతినంతా తన చేతిలోకి తీసుకుంది. తను కట్టిన ధరకు తనే కొనుక్కుంది. 1917లో ఏర్పడిన ఇండియన్ మ్యునిషన్స్ బోర్డు ఇక్కడ ఆ వ్యవహారం చూసింది. యుద్ధం అయిపోయాక 1919లో పచ్చితోళ్ళ ఎగుమతి మీద నూటికి పదిహేను చొప్పున సుంకం వేశారు. ఆ తోళ్ళను సామ్రాజ్యం లోపలే పదును చేయిస్తే అందులో మూడింట రెండొంతులు వాపసు. అంటే యుద్ధానికి ముందు భారత పచ్చితోళ్ళు పెద్దయెత్తున కొన్న జర్మనీ వాటా పోవాలి, లాభం సామ్రాజ్యం ఇంట్లోనే ఉండాలి.

ఈ లెక్కలో మాదిగ ఎక్కడ? ఊళ్ళో గొడ్డు చస్తే దాన్ని ఈడ్చుకుపోయి తోలు తీసుకునేది మాదిగ. బదులుగా రైతుకు చెప్పులు, మోటకు తోలు బాన, వార్లు, తాళ్ళు చేసిపెట్టాలి. లంద మాదిగ ఇంటి వెనక ఉండేది. తంగేడు చెక్క కొట్టుకొచ్చేది మాదిగ స్త్రీ. తోలు పదును చెయ్యడమెట్లాగో తెలిసిన మొదటి నిపుణులు వాళ్ళే. కానీ బజారు పెరిగే కొద్దీ పచ్చితోలు ఊరు దాటిపోయింది, లంద ఎండిపోయింది. నైపుణ్యం మాదిగది, పదును కొట్టు మరొకరిది, ధర కట్టేది లండను.

ఇంకో సంగతి కూడా ఉంది. విలువ లేనన్నాళ్ళు చచ్చిన గొడ్డు అంటరానివాడిది. తోలుకు ధర రాగానే అది ఎవరి గొడ్డన్న తగువు పుడుతుంది. ఉత్తరాదిన పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనే చమార్లు తోళ్ళ కోసం పశువులకు విషం పెడుతున్నారని అభియోగాలు మోపి కేసులు పెట్టారు. మైల అనేది సరుకుకు కాదు, ధరను బట్టి మనిషికి అంటించేదని ఈ వర్తక చరిత్రే చెబుతోంది.

సరిగ్గా ఆ యుద్ధం నడుస్తుండగానే, 1917 నవంబరులో, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో సభ జరిగింది. పంచములుగా పిలిపించుకోం, మేము ఆది ఆంధ్రులమని ప్రకటించింది. గూడెం మనుషులు తమ పేరు తామే పెట్టుకున్న ఆ రోజుల్లోనే, గూడెం నుంచి వెళ్ళిన తోలుకు ధర మాత్రం యుద్ధ శాఖ పెట్టింది. ఈ రెండు సంగతులనూ ఒకే పేజీలో చదువుకోవడం మేము ఇప్పుడు నేర్చుకుంటున్నాం.

వేరుశనగ నుంచి బర్మా బియ్యం దాకా

రెండో యుద్ధానికి కంట్రోలు చట్టం ముందే సిద్ధమైంది. 1939 నాటి భారత రక్షణ చట్టం, దాని కింద నిబంధనలు. అందులో 81వ నిబంధన సరుకుల ధర, నిల్వ, రవాణా, అమ్మకం, అన్నింటి మీదా ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది.

మొదటి దెబ్బ మెట్ట పంటకు తగిలింది. వేరుశనగకు ఫ్రాన్సు పెద్ద కొనుగోలుదారు. 1940 జూన్‌లో ఫ్రాన్సు పడిపోయింది. యూరపు బజారు మూతపడింది. శత్రువు చేతిలోని దేశంతో వర్తకం నేరమైంది. వేరుశనగ ధర కూలిపోయింది. ఆసామికి నష్టం నిజమే. అయితే వేరుశనగ పీకేదీ, వొలిచేదీ గూడెం ఆడోళ్ళు. చేను తగ్గితే మొదట తగ్గేది వాళ్ళ కూలి దినాలు. మార్సెయిల్సు రేవు మూతపడితే మాలపల్లెలో పొయ్యి ఆరుతుందని ఏ రేవు రికార్డూ రాసుకోదు.

రెండో దెబ్బ 1942 మార్చిలో. రంగూను జపాను వశమైంది. అంతకు ముందు ఏటా సుమారు 15 లక్షల టన్నుల బియ్యం బర్మా నుంచి దేశానికి వచ్చేది. అది ఆగింది. కిరసనాయిలూ అటు నుంచే, అదీ కరువైంది. బర్మా బియ్యం మీద బతికిన మలబారు, తిరువాన్కూరు, కొచ్చిలకు ఎక్కడి నుంచి పంపాలి? కృష్ణా, గోదావరి డెల్టాల నుంచే. దాంతో డెల్టా బియ్యం మీద లైసెన్సులు, పర్మిట్లు, జిల్లా దాటితే ఆంక్షలు వచ్చాయి. 1942లో ధాన్యం టోకు వర్తకులకు లైసెన్సు తప్పనిసరైంది. 1943లో గుడ్డకూ నూలుకూ కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. మద్రాసు నగరంలో రేషను మొదలైంది. 1941 నుంచే పెట్రోలుకు రేషను గనక బొగ్గుతో నడిచే బస్సులు వచ్చాయి. రైలు లేని జగ్గయ్యపేటకు మళ్ళీ ఎడ్లబండే గతి.

మరో పక్క నోట్లు. బ్రిటను ఇక్కడి సరుకు తీసుకుపోయి బాకీని లండనులో ఖాతా రాసుకుంది, ఇక్కడ ఆ లెక్కకు నోట్లు అచ్చుపడ్డాయి. 1939లో చెలామణిలో ఉన్న నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలు. 1945 నాటికి 1,100 కోట్లు దాటాయి. ధరలు రెండు రెట్లు దాటి పెరిగాయి. రాగి మిగల్చడానికి 1943లో నడుమ చిల్లున్న కాణీ ముద్రించారు. ఆ ఏడే బెంగాలు కరువు. దాదాపు 30 లక్షల మంది చచ్చిపోయారు. అక్కడ చచ్చినోళ్ళలో ఎక్కువమంది గింజ పండించే పనిలో ఉండి గింజ కొనుక్కోలేకపోయినోళ్ళే. మన డెల్టాలో ఆ చావులు లేవు. అందుకని ఇక్కడ ఏమీ జరగలేదని రాయడం సులువు.

లైసెన్సు ఎవరికి?

కంట్రోలంటే వర్తకం ఆపడం కాదు. వర్తకం ఎవరు చెయ్యాలో ప్రభుత్వం చెప్పడం. ఆ చెప్పడంలో సామ్రాజ్యమంతటా ఒకే సూత్రం కనిపిస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో కోకో పంటను యుద్ధకాలంలో ప్రభుత్వమే కొన్నప్పుడు, ఎగుమతి కోటాలను యుద్ధానికి ముందు ఎవరెంత వ్యాపారం చేశారో చూసి పంచింది. దాంతో పాత యూరపు కంపెనీలకే వాటా, ఆఫ్రికా వర్తకుడికి అరకొర. ఇండియాలోనూ దిగుమతి లైసెన్సులకు పాత వ్యాపారం చూపించాలి. ధాన్యం సేకరణకు ఉన్న వర్తకులే, మిల్లర్లే ఏజెంట్లు.

ఇందులో కులం అనే మాట ఎక్కడా లేదు. అవసరం లేదు. లైసెన్సుకు కొట్టు ఉండాలి. కొట్టుకు ఊరి నడుమ స్థలం ఉండాలి. పల్లె, గూడెం ఊరికి బయట. సరుకు పెట్టుబడికి భూమో బంగారమో తాకట్టు ఉండాలి. లెక్కలు రాయను బడి చదువు ఉండాలి. అంటరానివాడు ముట్టిన గింజ కొనేవాడు ఉండాలి. వీటన్నిటికీ పైన పాత వ్యాపారం ఉండాలి. వెయ్యేళ్ళ నిషేధాన్ని 'పూర్వానుభవం లేదు' అనే ఒక గళ్ళో రాసేశారు. ధాన్యం వర్తకం కోమటి చేతిలో ఉండేది. బియ్యం మిల్లులు పెట్టి అప్పుడే ఎదుగుతున్న రైతు కులాల ధనవంతులు దానికి తోడయ్యారు. కంట్రోలు వాళ్ళ మధ్య పోటీని కొంత ఆపిందేమో గానీ, బయటివాడు రాకుండా తలుపు గట్టిగా వేసింది.

ముతక నేత నేసే మాలలకూ అంతే. నూలు కోటా సంఘాల ద్వారా, లైసెన్సు ఉన్న కొట్ల ద్వారా. నేతగాడంటే ఫలానా కులం అన్న అలవాటు ముందే ఉన్న చోట, నేసే మాల కూలివాడుగా మిగిలిపోయే దారే పెద్దది.

లెక్కలో కరిగిపోయిన కూలి

మాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది. పాలేరు జీతం, కోత కూలి, కళ్ళం మీద మేర ఇవన్నీ గింజల్లో కొలిచేవాళ్ళు. ఈ గింజ కూలి ఏ గొప్ప హక్కూ కాదు. అది వెట్టితో, అప్పుతో ముడిపడింది. కానీ ధరలు పెరిగే కాలంలో దానికొక గుణం ఉంది. బస్తా ధర రెండింతలైనా పాలేరు కుంచం కుంచమే. కడుపుకు తేడా రాదు.

కామందు వైపు నుంచి చూడండి. ధర పెరిగినప్పుడు కుంచం కొలవడమంటే నల్లబజారులో వచ్చే డబ్బు పోగొట్టుకోవడం. కాబట్టి గింజ ఇవ్వను, డబ్బులిస్తాను అనాలి. ఏ ధరకు లెక్కగట్టి? ఇక్కడే కంట్రోలు పనికొచ్చింది. మా పెద్దోళ్ళు చెప్పే లెక్కను ఒక ఉదాహరణగా రాస్తున్నాం. అంకెలు అర్థం కావడానికి పెట్టినవి. బస్తాకు కంట్రోలు ధర పది రూపాయలు, బ్లాకులో ఇరవై అనుకుందాం. పాలేరుకు ఏటా పది బస్తాలు రావాలి. కామందు కంట్రోలు ధర కట్టి వంద రూపాయలిచ్చాడు. చట్టం ప్రకారం అది న్యాయమైన ధర. ఆ వందతో బజారుకు పోతే దొరికేది అయిదు బస్తాలు. సగం కూలి పోయింది. ఎవరూ దొంగతనం చెయ్యలేదు.

నాము సంగతి ఇంకా ఘోరం. వానాకాలంలో పని లేనప్పుడు కామందు దగ్గర గింజలు తెచ్చుకుని, పంటకు ఒకటికి ఒకటిన్నర కొలవడం నాము. అదే పెద్ద దోపిడి. కంట్రోలు కాలంలో ఆషాఢంలో ఇచ్చిన బస్తాకు బ్లాకు ధర కట్టి ఇరవై రూపాయలని రాసుకుంటారు. సంక్రాంతికి ఆ ఇరవైకి కంట్రోలు ధరన గింజలు కొలుచుకుంటారు. రెండు బస్తాలు. పాత నాములో ఒకటిన్నర, కొత్త లెక్కలో రెండు. తమాషా ఏమంటే ఖాతాలో వడ్డీ అనేదే లేదు. ఇచ్చింది ఇరవై, పుచ్చుకుంది ఇరవై.

రెండు ధరలున్న బజారులో ఏ రోజు ఏ ధర చెల్లుతుందో నిర్ణయించే శక్తి ఎవరికుందో వాడిదే రాజ్యం. ప్రభుత్వం ధర మీద పెట్టిన కంట్రోలు, ఊళ్ళో కామందు చేతిలో ఇంకో కొలపాత్ర అయింది. చిన్న రైతు కూడా నలిగాడు. కంట్రోలు ధరకు గింజ అమ్మి, గుడ్డ, కిరసనాయిలు బ్లాకులో కొన్నాడు. అతని బాధను మేము కాదనం. అయితే అతనికి అమ్మడానికి గింజ ఉంది, దాచడానికి గాదె ఉంది. పాలేరుకు రెండూ లేవు.

గీత దాటించినోడు, దొరికినోడు

ఇక సరిహద్దు. 1943 నుంచి నైజాము రాజ్యంలో లెవీ గల్లా మొదలైంది. పండిన దాంట్లో ఇంత సర్కారుకు కొలవాలని బలవంతపు వసూలు. దేశముఖులు తప్పించుకుంటే భారం చిన్నోళ్ళ మీద పడింది. తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆ లెవీ ఒక ముఖ్య కారణం. ఇటు మద్రాసు కంట్రోలు, అటు నైజాము లెవీ. రెండు వైపులా గింజ దాటిపోకూడదని నిషేధం, రెండు వైపులా వేరు వేరు ధరలు. ఇలాంటి చోట దొంగ రవాణా పుట్టకపోతే ఆశ్చర్యం. పరిటాలకు మూట మోస్తే విదేశానికి ఎగుమతి. మునగాలకు తాలూకా లోపలే మూట పంపాలన్నా దారి నైజాము నేల మీదుగానే.

సరుకు ఆసామిది, పెట్టుబడి వర్తకుడిది. రాత్రిపూట మునేరు, పాలేరు రేవుల్లో నెత్తిన మూట పెట్టుకుని నడిచిన కాళ్ళు ఎవరివి? అలా మోసినోళ్ళ కథలు మా పల్లెల్లో ఉన్నాయి. మూటకు ఇంత అని కూలి. దొరికితే మూట పోయింది, దెబ్బలు పడ్డాయి, కేసు మోసినోడి మీద. మూట సొంతదారు పేరు మోసినోడు చెప్పలేడు. చెబితే రేపు పని లేదు. సరుకు ఎవరిదని కాక ఎవరి నెత్తిన ఉందని చూసే న్యాయం అది. పల్లె మనిషి చేతిలో ఏ వస్తువు కనపడినా దొంగ సొత్తేనన్న చూపు కంట్రోలుతో పుట్టలేదు, కంట్రోలుతో పోలేదు. నందిగామకూ పరిటాలకూ నడుమనున్న కంచికచర్లలోనే 1968లో దొంగతనం నెపం మోపి దళిత యువకుడు కోటేశును సజీవదహనం చేశారు. రెండింటినీ ఒకటే అనడం లేదు. ఆ చూపుకు ఎంత చరిత్ర ఉందో గమనించమంటున్నాం.

యుద్ధం పోయింది, కంట్రోలు మిగిలింది

1945లో యుద్ధం ముగిసింది. 1946లో రేషను రోజుకు 12 ఔన్సులకు తగ్గింది. అదే ఏడు రక్షణ నిబంధనల స్థానంలో అత్యవసర సరఫరాల చట్టం వచ్చింది. 1947 డిసెంబరులో కంట్రోళ్ళు ఎత్తడం మొదలుపెట్టి, ధరలు మండాక 1948లో మళ్ళీ పెట్టారు. ఆ 1948లోనే హైదరాబాదు మీద భారత ప్రభుత్వం ఆర్థిక దిగ్బంధం పెట్టినప్పుడు ఈ సరిహద్దు మరోసారి మూతపడింది. మద్రాసులో 1952 జూన్‌లో రాజాజీ ఆహార కంట్రోలు ఎత్తేశారు. 1955లో వచ్చిన నిత్యావసర సరుకుల చట్టం యుద్ధకాలపు 81వ నిబంధనకు మనవరాలే.

ఇదంతా చెప్పి కంట్రోలు ఉండకూడదని మేము అనడం లేదు. ఆ మాట వర్తకుడు అప్పుడూ అన్నాడు, ఇప్పుడూ అంటున్నాడు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా ఇళ్ళలో రోజూ అన్నం ఉడికింది. ఆ కార్డు లేకుంటే మాలో చాలామందిమి బడికి పోయేవాళ్ళం కాదు, ఈ వ్యాసం రాసేవాళ్ళమూ కాదు. కార్డు మీద దళిత కుటుంబం పేరు ఎక్కడం చిన్న విషయం కాదు. కానీ కార్డు తినేవాడిగా గుర్తించింది, పండించేవాడిగా గుర్తించలేదు. గింజ మీద కళ్ళంలో ఉన్న ఆ కొద్ది హక్కు డబ్బు కూలిగా మారి కరిగిపోయాక, అదే గింజ దయగా తిరిగొచ్చింది. భూమి అడగాల్సిన చోట బియ్యం అడిగే స్థితికి వచ్చాం. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడుగా ఉండి, కూలివాడి సమస్యను దయ సమస్యగా కాక చట్టం సమస్యగా చూడమన్నది ఈ కాలంలోనే. మన ఊళ్ళ కంట్రోలు చరిత్రను ఆ చూపుతో తిరిగి రాసుకోవాలి.

అందుకు విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆ కాలం చూసిన మనుషులు మన పల్లెల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. వాళ్ళ దగ్గర కూర్చుని స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందని అడక్కండి. కంట్రోలు కాలంలో పాలేరుకు గింజలు కొలిచారా, డబ్బులిచ్చారా, ఏ ధర కట్టారు, నాము ఎట్లా రాసుకున్నారు, మూట ఎవరు మోశారు, ఎవరు దొరికారు అని అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఆ తర్వాత మీ మండలంలో చౌకధరల దుకాణాలు ఎన్ని, వాటిలో మనోళ్ళ పేరున ఉన్నవెన్ని, పేరు మనోళ్ళదై కొట్టు వేరేవాళ్ళు నడుపుతున్నవెన్ని, అదీ రాయండి. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదువుదాం.